తాడిపత్రి దర్శనీయ స్థలాలు: చూసినవారి మాట

తాడిపత్రి అనంతపురం జిల్లాలో పెన్నానది దక్షిణపు ఒడ్డున ఉన్న పట్టణం. 2011 జనాభా లెక్కల నాటికే జనసంఖ్య లక్ష దాటింది. బయటివారికి ఈ పేరు చెప్పగానే బండలు, సిమెంటు గుర్తుకొస్తాయి. ఊళ్లో విజయనగర కాలపు పెద్ద గుళ్లు రెండున్నాయి: ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, ఊరి నడుమ చింతల వెంకటరమణస్వామి గుడి. రెండూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. బెలూం గుహలు, గండికోట, గుత్తి కోట ఇక్కడి నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. ఈ గుళ్లనూ కోటలనూ ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు అన్నది ఎక్కడైనా దొరుకుతుంది. చూడవచ్చినవారు ఏం చూశారు, ఏది మెచ్చుకున్నారు, దేన్ని పక్కనబెట్టి వెళ్లిపోయారు అన్నది ఈ వ్యాసానికి విషయం. ఒక మాట ముందే చెప్పాలి. తాడిపత్రి గోపురాలకు పుస్తకాల్లో దక్కిన కీర్తికీ, వాటి ముందు వచ్చి నిలబడ్డ మనుషుల సంఖ్యకూ ఏనాడూ పొంతన లేదు.

దారిలో పడని ఊరు

తెలుగులో తొలి పెద్ద యాత్రా గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరారు. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, బస ఎక్కడ అన్న సంగతులు రాసిపెట్టిన మనిషి. ఆయన వెళ్లిన తోవకు తాడిపత్రి పడమరగా ఉండిపోయింది. తప్పు ఆయనది కాదు. ఆ రోజుల్లో దక్షిణాది నుంచి కాశీకి పోయేవాడికి అహోబిలం, శ్రీశైలం తప్పనిసరి, తాడిపత్రి కాదు. పెద్ద క్షేత్రాల వరుసలో పేరు లేని గుడిని, ఎంత గొప్ప పనితనం ఉన్నా, యాత్రికుడు వెతుక్కుంటూ రాడు.

దత్త మండలాలను నిజాం 1800లో ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చాక, లెక్కలు కట్టడానికి, కొలవడానికి వచ్చినవారే ఇక్కడి తొలి ఆధునిక సందర్శకులు. వారి పనుల్లో కాలిన్ మెకంజీ సర్వే మనకు మిక్కిలి పనికొచ్చేది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి తెలుగు సహాయకులు ఆయన వెంట పనిచేశారు. ఊరూరా కరణాలను, పెద్దలను కూర్చోబెట్టి అడిగి రాయించిన కైఫియత్తులు అలా పోగయ్యాయి. వాటిలో గుడి అందం గురించి వర్ణన వెతికితే నిరాశే. ఏ పాలెగాడు కట్టించాడు, ఏ మాన్యం ఇచ్చాడు, తర్వాత ఎవరు లాక్కున్నారు అన్నవే ఎక్కువ. ఊరివారికి గుడి అంటే ముందు మాన్యం, ఉత్సవం, హక్కు. శిల్పం గురించి పొగడడం బయటివాడి అలవాటు.

తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు వైపు సాగిన మద్రాసు రైల్వే లైను 1871 నాటికి బొంబాయి దారితో కలిసింది. దాంతో బొంబాయి, మద్రాసుల మధ్య తిరిగే దొరలకు తాడిపత్రి ఒక స్టేషను అయింది. ఇండియాకు వచ్చే ఇంగ్లీషువారు చేతిలో పట్టుకు తిరిగే ముర్రే చేతిపుస్తకం ఈ లైను మీది ఊళ్లను చెబుతూ తాడిపత్రి గుళ్లనూ చూడదగ్గవాటిలో చేర్చింది. 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజెటీరు ఈ ఆలయాల కథను ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కించింది. కడప, గుత్తి నడుమ రైలు దిగి ఒక పూట గడపదగిన ఊరుగా తాడిపత్రికి ఆ రోజుల్లో ఉన్న గుర్తింపు, కార్లు వచ్చాక తగ్గిందే గాని పెరగలేదు.

ఫెర్గుసన్ తీర్పు

తాడిపత్రి మీద వచ్చిన అభిప్రాయాలన్నిటిలోకీ బరువైనది జేమ్స్ ఫెర్గుసన్‌ది. ఆయన నీలిమందు వ్యాపారంలో డబ్బు సంపాదించి, 1830ల చివర్లో దేశమంతా తిరిగి గుళ్లు, గుహలు, మసీదులు గీసుకున్న స్కాట్లండు మనిషి. 1876లో వచ్చిన ఆయన భారతీయ, ప్రాచ్య వాస్తు చరిత్ర ఆ తర్వాత చాలాకాలం ఈ విషయానికి పెద్దబాలశిక్షలా చెలామణి అయింది. అందులో ఈ ఊరి పేరు 'తార్‌పుత్రి'. అచ్చయిన బొమ్మ ఫోటో చూసి చెక్కించినది. 1860ల చివర్లో ఎడ్మండ్ లయన్ వంటి ఫోటోగ్రాఫర్లు బరువైన కెమెరాలు, గాజు పలకలు మోసుకుంటూ దక్షిణాది గుళ్లన్నీ తిరిగారు. ఇంగ్లండులో కూర్చున్న పండితుడు తన పుస్తకాన్ని అలాంటి ఫోటోల ఆసరాతో నింపుకున్నాడు.

ఫెర్గుసన్‌కు నచ్చినవి ఏటి ఒడ్డున పాడుపడ్డ గుడికి ఉన్న రెండు గోపురాలు. ఆయన చెప్పిన కారణం ఇప్పటికీ నిలబడుతుంది. దక్షిణాది గోపురాల్లో కింది నిలువు భాగం సాధారణంగా సాదాగా ఉంటుంది. బొమ్మలన్నీ పైన, ఇటుకా సున్నంతో మెట్లు మెట్లుగా లేచే భాగంలో ఉంటాయి. తాడిపత్రిలో అది తారుమారైంది. నిలువు రాతి భాగాన్నే అడుగు ఖాళీ వదలకుండా చెక్కారు. సన్నని రేణువుల గట్టి రాయి కాబట్టి ఉలి గీత ఇప్పటికీ పదునుగా ఉంది. ఈ శైలిలో ఇంతకంటే ఘనమైన, ఇంతకంటే మంచి అభిరుచితో చేసిన పని లేదన్నంతగా ఆయన మెచ్చుకున్నాడు.

అక్కడితో ఆగలేదు. ఆయన హళేబీడు, బేలూరు హొయసళ గుళ్లతో పోలిక పెట్టాడు. వాటికి తాడిపత్రి సాటిరాదట, అయితే నడుమ గడిచిన రెండు శతాబ్దాల క్షీణతను లెక్కలోకి తీసుకుంటే తేడా అనుకున్నంత లేదట. విజయనగర రాజుల నాటి మరే కట్టడమూ ఆ పరీక్షకు ఇంత బాగా నిలవదట. మదురైలో తిరుమల నాయకుడు మొదలుపెట్టి వదిలేసిన గోపురం కన్నా ఇది ఖాయంగా మేలట.

ఈ మాటల్లో ఒక లోపం ఉంది. భారతీయ కళ మొదట్లో ఉన్నతంగా ఉండి కాలం గడిచేకొద్దీ దిగజారుతూ వచ్చిందని ఫెర్గుసన్ ముందే నిశ్చయించుకున్నాడు. అందుకే తాడిపత్రి ఆయనకు క్షీణదశలోనూ తప్పించుకు నిలిచిన ఒక మినహాయింపులా తోచింది. ఆ నిశ్చయం లేకపోతే, పోలికకు హొయసళ గుళ్లు అవసరమే రావు. హొయసళ శిల్పి మెత్తగా తెగే రాయి మీద నగలు, అల్లికలు చెక్కాడు. ఇక్కడి శిల్పి నిలువెత్తు ద్వారాన్నే ఒక్క అలంకారంగా మలిచాడు. లక్ష్యాలే వేరు. రెండో లోపం: వాడుకలో ఉన్న విష్ణ్వాలయమే పాతదని ఆయన అనుకున్నాడు. దానికి పట్టించిన వెల్లసున్నం, రంగులు శిల్పాన్ని సరిగా కనబడనివ్వలేదని కూడా ఆయనే రాశాడు. గుత్తి, గండికోట ప్రాంతాన్ని ఏలిన పెమ్మసాని రామలింగనాయుడు 1490, 1509 మధ్య బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని కట్టించాడనీ, చింతల వెంకటరమణ గుడి ఆ తరువాత పెమ్మసాని తిమ్మానాయుడు కట్టించినదనీ ఇప్పుడు చెబుతున్నారు. ఫెర్గుసన్ వేసిన వరుస తిరగబడిందన్నమాట.

తరువాతి పండితులు ఫెర్గుసన్ మెప్పుదలను దాదాపు యథాతథంగా తీసుకున్నారు. 1940లలో పెర్సీ బ్రౌన్ తన వాస్తు గ్రంథంలో ఈ గోపురాలను చెప్పుకున్నాడు. 1995లో జార్జ్ మిషెల్ విజయనగర, నాయకరాజుల కాలపు దక్షిణాది కళ మీద రాసిన పుస్తకంలో తాడిపత్రికి తగిన చోటిచ్చాడు. వాస్తు చదివే విద్యార్థికి తాడిపత్రి గోపురం బొమ్మ తెలుసు. అనంతపురంలో బస్సెక్కే మనిషిని అడిగితే బుగ్గ గుడి తెలుసంటాడు, గోపురాల సంగతి అడిగితే ఆగి ఆలోచిస్తాడు.

మెప్పు ఊరిని ఎప్పుడు మారుస్తుంది

బయటివాడి మెచ్చుకోలు ఒక స్థలాన్ని ఎంత మార్చగలదో చూడాలంటే జపాను మంచి ఉదాహరణ. 1643లో హయాషి గాహో అనే పండితుడు తన రచనలో మత్సుషిమా, అమనోహాషిదాతె, మియాజిమా అనే మూడు చోట్లను దేశంలోకెల్లా అందమైనవిగా పేర్కొన్నాడు. అప్పటినుంచి అవి జపాను మూడు దృశ్యాలుగా పేరుపడ్డాయి. చిత్రకారులు గీశారు, జనం వెళ్లి చూశారు, ఇప్పటికీ వెళుతున్నారు. 1933లో జర్మను వాస్తుశిల్పి బ్రూనో తౌత్ జపాను చేరి క్యోటోలోని కత్సురా విల్లాను చూశాడు. దాని నిరాడంబరత్వాన్ని ఆకాశానికెత్తి, నిక్కోలోని తోషోగూ మందిరం అతి అలంకారాన్ని ఈసడించాడు. ఆయన రాతల తర్వాత ఆధునిక వాస్తువు మాట్లాడే ప్రతివాడికీ కత్సురా ఒక ప్రమాణమైంది. నిక్కోకు వెళ్లే జనం మాత్రం ఏమీ తగ్గలేదు.

తౌత్ కత్సురాను మెచ్చడానికి నిక్కోను తక్కువచేసినట్టే, ఫెర్గుసన్ తాడిపత్రిని మెచ్చడానికి మదురై గోపురాన్ని తక్కువచేశాడు. పండితులకు ఈ తూకం వేసే సరదా ఎక్కువ. ఫలితంలోనే తేడా. క్యోటోకు రైళ్లు, బసలు, పుస్తకాలు, తమ దేశపు పాత ఇంటిని చూసుకోవాలన్న జనం ఉత్సాహం తోడయ్యాయి. తాడిపత్రికి తీర్పు దక్కింది, తోడు దక్కలేదు. ఇంగ్లీషు పుస్తకంలో వచ్చిన పొగడ్త తెలుగు పాఠకుడి దాకా రావడానికే చాలాకాలం పట్టింది.

భక్తులు చూసేది

పండితుడు గోపురం దగ్గర ఆగిపోతే, భక్తుడు గోపురం దాటి లోపలికి పోతాడు. బుగ్గ రామలింగేశ్వరుడు స్వయంభువని నమ్మకం. లింగం చుట్టూ ఊటనీరు ఎప్పుడూ ఉంటుంది. గుడికి ఆ పేరు వచ్చింది ఆ బుగ్గ వల్లనే. ఎదురుగా పెన్నానది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకతిన్నె. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వానలు తప్పిన ఏడు బోర్లు ఎండి, ట్యాంకర్లు తిరిగే సీమ ఇది. అలాంటి నేల మీద దేవుడి పాదాల దగ్గర నీరు ఊరుతూ ఉండడం కన్నా పెద్ద విశేషం ఇక్కడివారికి ఏ శిల్పమూ కాలేదు. కోస్తా నుంచి వచ్చినవాడు ఆ నీటిని చూసి తల ఊపి ముందుకు పోతాడు. కరువు ఎరిగినవాడు అక్కడే కాసేపు నిలబడిపోతాడు. చేతిలో పోసిన తీర్థాన్ని తాగి, మిగిలింది తలకు రాసుకుంటాడు. ఇది కేవలం భక్తి అని కొట్టిపారేయలేం. నీటి విలువ తెలిసినవాడి చూపు అది.

మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకు ఈ గుడి నిండుతుంది. ఆ రోజుల్లో వచ్చిన బయటివాడికి గోపురం శిల్పాన్ని తీరిగ్గా చూసే వీలుండదు గాని, గుడి దేనికోసం కట్టారో తెలుస్తుంది. మామూలు రోజున, ముఖ్యంగా పొద్దున్నే వస్తే ఆవరణలో నలుగురైదుగురికి మించి ఉండరు. హంపీలో, లేపాక్షిలో దొరకని ఏకాంతం ఇక్కడ ఉచితంగా దొరుకుతుంది.

ఫెర్గుసన్ మెచ్చిన ఆ రెండు గోపురాలకూ ఇప్పుడు పై అంతస్తులు లేవు. రాతి భాగం మీదే ఆగిపోయి మొండిగా నిలబడ్డాయి. దూరం నుంచి చూసినవారు, ఎత్తైన గోపురం కోసం వెతికేవారు, మొదట కాస్త నిరుత్సాహపడతారు. దగ్గరికి వచ్చాక మాట మారుతుంది. అధిష్ఠానం మీద వరుసలు వరుసలుగా తీగెలు, హంసలు, యాళులు. వాటి పైన కోష్ఠాల్లో దేవతలు. ద్వారానికి ఇరువైపులా లతను పట్టుకుని నిలిచిన స్త్రీమూర్తులు. గోపురం పూర్తికాకపోవడమే ఇక్కడ మేలైంది. మీద రంగులు పూసిన సున్నపు బొమ్మల గుంపు ఉండి ఉంటే కళ్లు పైకే పోయేవి. ఇప్పుడు చూపు నేరుగా రాతి మీదికి పోతుంది.

చింతల వెంకటరమణుడు, యాభై నోటు

ఊరి నడుమ ఉన్న వెంకటరమణస్వామి గుడి స్వభావం వేరు. చింతచెట్టులో స్వామి విగ్రహం దొరికిందనే కథ వల్ల ఆయన చింతల వెంకటరమణుడయ్యాడు. బుగ్గ గుడి ఊరికి ఒక అంచున ఏకాంతంగా ఉంటే ఇది వీధుల మధ్య బతుకుతున్న గుడి. పెళ్లి మొక్కులు, పుట్టు వెంట్రుకలు, శనివారం జనం. ఇక్కడి గోడల మీద రామాయణ, భాగవత కథలు శిల్పాల వరుసలుగా నడుస్తాయి. పిల్లలతో వచ్చినవారు వాటి దగ్గర ఆగి కథ చెప్పడం మొదలుపెడితే, పక్కనున్నవాడెవడో ఆ ఘట్టం అది కాదని సరిదిద్దడం ఇక్కడ తరచుగా వినిపించే సంగతి. మండపం పైకప్పు మీద వెలిసిపోయిన రంగుల చిత్రాల జాడలూ ఉన్నాయి. వాటిని తలెత్తి చూసేవారు తక్కువ.

సందర్శకులు ఎక్కువగా ఫోటో తీసుకునేది గరుత్మంతుడి రాతిరథాన్ని. హంపీ విఠలాలయంలోని రథాన్ని పోలిన కట్టడమిది. 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు వెనుక హంపీ రథం బొమ్మ ఉండడంతో, ఇక్కడికి వచ్చినవారు జేబులోంచి నోటు తీసి పక్కన పెట్టి పోల్చుకోవడం మామూలైంది. పోలిక పెట్టడం సహజమే. కాని ఆ పోలికతోనే వచ్చినవాడికి ఇది 'చిన్న హంపీ'గా మిగిలిపోతుంది. హంపీలో రథం పాడుపడిన ఆవరణలో, పూజలు లేని గుడి ఎదుట ఉంది. తాడిపత్రిలో గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది, రథం లోపలి స్వామికి ఎదురుగా ఇంకా తన పని చేస్తూనే ఉంది. విజయనగర కట్టడాల్లో వాడుకలో ఉన్న గుడిని చూడాలనుకునేవారికి నా ఓటు దీనికే.

రాళ్లు చూడవచ్చినవారు

గుళ్లతో సంబంధం లేకుండా తాడిపత్రి పేరును ప్రపంచానికి తెలిపినవారు భూగర్భ శాస్త్రజ్ఞులు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలా సముదాయాల మీద పెద్ద నివేదిక వెలువరించాడు. కడప శిలల్లో చిత్రావతి వర్గంలోని ఒక పొర 'తాడిపత్రి ఫార్మేషన్' పేరుతో నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ కాలపు అగ్నిశిలల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని తేల్చారు. గుడి కట్టి ఐదు వందల ఏళ్లయిందని ఆశ్చర్యపోయే సందర్శకుడి కాళ్ల కింద ఉన్నది అంత పాతది. ఇళ్లలో, మెట్లకు, వంటింటి గట్లకు పరిచే బండలు కూడా ఈ సీమ సున్నపురాయే. ఊరి చుట్టుపక్కల బండలు కోసే మిల్లుల చప్పుడు, లారీల దుమ్ము ఆ వ్యాపారం ఫలితం. బయటివారు మొదట చేసే ఫిర్యాదు కూడా ఈ దుమ్ము గురించే.

అదే సున్నపురాతి పొరల్లో, కర్నూలు వర్గానికి చెందిన నార్జి సున్నపురాతిలో, నీరు తొలిచిన బెలూం గుహలు తాడిపత్రికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. దక్షిణాదిలో రాతియుగపు పనిముట్టును మొదట గుర్తించిన మనిషి ఆయనే. ఆ తర్వాత వందేళ్లు ఊరివారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. గుహ నోట్లో ఊరి చెత్త కూడా పడేది. 1982, 1984 మధ్య హెర్బర్ట్ డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మను గుహాన్వేషకులు లోపలికి దిగి కొలిచారు. మొత్తం 3,229 మీటర్లు. భారత ఉపఖండంలో మేఘాలయ గుహల తర్వాత పొడవైనవి ఇవే. 2002లో పర్యాటకులకు తెరిచారు. కిలోమీటరున్నర మేర తిరిగి చూడవచ్చు. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ నేలమట్టానికి 46 మీటర్ల కింద ఉంది.

బెలూం గురించి బయటికొచ్చినవారి మాటలు రెండు రకాలు. బొర్రా గుహలు చూసి వచ్చినవారికి ఇది మొదట సాదాగా తోస్తుంది. బొర్రా కొండలో ఉంది, పైకప్పు ఎత్తు, నోరు పెద్దది. బెలూం చదునైన చేల కింద ఉంది. పైన నిలబడితే కింద గుహ ఉందన్న అనుమానమే రాదు. మెట్లు దిగాక కోటిలింగాలు, వేయి పడగలు, ఊడల మర్రి, సప్తస్వరాల గుహ అంటూ పేర్లు పెట్టిన చోట్లు వరుసగా వస్తాయి. చల్లగా ఉంటుందనుకుని దిగినవారికి ఎదురయ్యేది ఉక్క. గాలి పంపే గొట్టాలు అమర్చినా చొక్కా తడవక మానదు. రంగు దీపాల మీద ఫిర్యాదులు ఎక్కువ. రాతి అసలు రంగు తెలియకుండా ఎరుపు, పచ్చ వెలుగులు పులిమేశారని చదువుకున్నవారు గొణుగుతారు. పిల్లలు మాత్రం ఆ దీపాలకే కేరింతలు కొడతారు. ఇందులో పిల్లల పక్షం తీసుకోవడం కష్టం. వేయి పడగల దగ్గర తెల్లని దీపం ఒక్కటి చాలు.

గండికోట: టావెర్నియే నుంచి డేరాల దాకా

పెన్న తాడిపత్రి దాటి ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పోయేచోట గండికోట ఉంది. తాడిపత్రి గుళ్లు కట్టించిన పెమ్మసాని నాయకుల కోట ఇదే. ఇది కడప జిల్లాలోది. రోడ్డున 60, 70 కిలోమీటర్లు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు జాన్ బాప్తిస్త్ టావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చాడు. కోటను అప్పటికే గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. వజ్రాల బేరం కోసం వచ్చిన టావెర్నియేకు కొండ మీది దుర్గం కర్ణాటక రాజ్యంలోకెల్లా గట్టిదిగా కనిపించింది. ఎక్కే దారి ఇరుకు, ఒక పక్క లోయ, అడుగున నది. పైన చిన్న మైదానం, ఊటలతో పండే వరి, జొన్న. ప్రకృతి దృశ్యాన్ని చూసి మురిసిపోయిన ఆనవాళ్లు ఆయన రాతలో లేవు. దుర్గాన్ని ఎలా పట్టుకోవచ్చు, ఎలా కాపాడవచ్చు అన్నది ఆయన చూపు.

ఆయన రాసినవాటిలో మరిచిపోలేనిది మీర్ జుమ్లా డేరాలో కూర్చుని పనిచేసే తీరు. కాలివేళ్ల మధ్య, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతున్నాడట. గుళ్ల విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం గురించి, గండికోట విగ్రహాలు కొన్ని ఎంత ప్రయత్నించినా కరగలేదనడం గురించి కూడా ఆయన చెప్పాడు. వర్తకుడు కాబట్టి లోహం లెక్కలు బాగా గమనించాడు.

ఇప్పటి గండికోట సందర్శకుడికి లోయే ముఖ్యం. ఎర్రటి రాతి అంచున కూర్చుని పొద్దు పొడవడం చూడాలి, ఫోటో తీసుకోవాలి, డేరాలో రాత్రి గడపాలి. అమెరికా గ్రాండ్ క్యానియన్ పేరు ప్రతి నోటా వినిపిస్తుంది. ఆ పేరు ఈ లోయకు చేసిన మేలు ఒకటుంది, జనాన్ని రప్పించింది. చేసిన కీడు కూడా ఒకటుంది, కోట లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూడకుండానే చాలామంది వెనుదిరుగుతున్నారు. ధాన్యాగారం మసీదు పక్కనే ఉంది. ముట్టడి రోజుల్లో కోట ఎలా బతికిందో చెప్పే కట్టడం అది.

సినిమా చూపు కూడా ఈ దారిని మార్చింది. 2009లో వచ్చిన అరుంధతి తర్వాత బనగానపల్లె నవాబు బంగళా జనం నోట అరుంధతి బంగళా అయిపోయింది. బెలూం, యాగంటి తిరిగేవారు దాన్నీ చూసి వెళుతున్నారు. ఈ చుట్టు తిరుగుడులో తాడిపత్రి రాత్రి బసకు, బండి ఆపి తిండి తినడానికి పనికొచ్చే ఊరుగా మిగులుతోంది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బెలూం దారి పట్టేవారిలో ఎంతమంది ఏటి ఒడ్డు వైపు బండి తిప్పుతారన్నది హోటల్ వాడిని అడిగితే చెబుతాడు, నవ్వుతూ.

ఇప్పుడు వినబడే మాటలు

ఊరికి వచ్చిపోయేవారి అభిప్రాయాల్లో మెచ్చుకోలు ఒకే చోటికి చేరుతుంది: ఇంత గొప్ప పని ఇక్కడుందని ఎవరూ చెప్పలేదే అన్న ఆశ్చర్యం. ఫిర్యాదులు మూడు నాలుగు. గుడి విశేషాలు చెప్పేవారు దొరకరు. ఉన్న బోర్డుల్లో రాజు పేరు, కాలం తప్ప శిల్పం గురించి ఉండదు. ఎండాకాలంలో రాతి పరుపు మీద చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కుతాయి, మార్చి దాటాక పదకొండు గంటలకే నిలబడలేం. చాలామంది చింతల వెంకటరమణ గుడి చూసి, రథంతో ఫోటో దిగి, బుగ్గ గుడి ఉందనే తెలియక వెళ్లిపోతారు. ఈ చివరిది అన్నిటికన్నా పెద్ద నష్టం.

రాళ్ల మీద పేర్లు చెక్కడం ఇక్కడా తప్పలేదు. ఆనాటి దొర ఫోటోలో శుభ్రంగా కనిపించే రాతి మీద ఇప్పుడు జంట పేర్లు కనబడితే, దానికి కారణం పాలకులు కారు.

ఎప్పుడు రావాలి, ఎలా చూడాలి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చెన్నై, ముంబయి రైలు లైను మీద తాడిపత్రి స్టేషను ఉంది. అనంతపురం, కడప, నంద్యాల, గుత్తి వైపుల నుంచి బస్సులు తరచుగా ఉంటాయి. బుగ్గ రామలింగేశ్వర గుడికి పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు వెలుగులో శిల్పం లోతు తెలుస్తుంది, నడి మధ్యాహ్నం అదే రాయి చదునుగా కనిపిస్తుంది. గోపురం చుట్టూ ఒకసారి దూరంగా, ఒకసారి గోడకు దగ్గరగా తిరగండి. మధ్యాహ్నం ఎండ వేళ బెలూం లోపల గడపవచ్చు, ఉక్కపోసినా నెత్తిన ఎండ ఉండదు. సాయంత్రం దీపాల వేళకు చింతల వెంకటరమణుడి దగ్గరికి తిరిగి రండి. గండికోటకు మరో రోజు పెట్టుకోండి, తాడిపత్రినీ గండికోటనూ ఒక్కరోజులో ముగించాలనుకుంటే రెంటికీ అన్యాయమే.